వలసకూలీ - మన కన్నీటి సాహిత్యం

వలసకూలీ గురించి మన రచయితలు రాయలేదని ఎవరూ అనలేరు. 2020 వేసవిలో లాక్‌డౌన్ నాటి కవితలు, కథలు, పాటలు తెలుగులో వెల్లువలా వచ్చాయి. వాటి చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు. నా ప్రశ్న వేరు. ఆ రచనల్లో కూలీ ఏం చేస్తున్నాడు? నడుస్తున్నాడు, ఏడుస్తున్నాడు, సొమ్మసిల్లి పడిపోతున్నాడు. తోటి కూలీలతో కలిసి ఒక నిర్ణయానికి వచ్చిన మనిషిగా మాత్రం నేను చదివినంతలో చాలా అరుదుగా కనిపిస్తాడు.

ఆదేశ్ రవి 'పిల్లా జెల్లా' పాటనే తీసుకుందాం. ఇంటిమీది బెంగతో అల్లాడే కూలీ గొంతు అందులో వినిపిస్తుంది. ఆ పాట ఎంతోమందిని కదిలించింది. అందులో అబద్ధం లేదు. కాని అది వేడుకునే గొంతు, ఒంటరి గొంతు. వేడుకోలు ఆ కథలో ఒక ఘట్టం మాత్రమే.

మిగతా కథ మన కళ్లముందే జరిగింది. హైటెక్ సిటీకి పడమరగా, ముంబయి రహదారి మీద, సంగారెడ్డి జిల్లా కందిలో ఐ.ఐ.టి. ప్రాంగణాన్ని కడుతున్న రెండువేలకు పైగా వలసకూలీలు లాక్‌డౌన్‌లో చిక్కుకుపోయారు. జీతాలు బకాయి పడ్డాయి. 2020 ఏప్రిల్ 29న బకాయిలు చెల్లించాలనీ, తమను ఇళ్లకు పంపాలనీ వారంతా ఒక్కటై బయటికి వచ్చారు. పోలీసులతో ఘర్షణ జరిగింది. మే 1 తెల్లవారుజామున, హైటెక్ సిటీకి కూతవేటులో ఉన్న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక్ ప్రత్యేక రైలు సుమారు 1,200 మందితో కదిలింది. ఎక్కినవారిలో కంది కూలీలున్నారు. ఆ రైలుకు కంది ఆందోళన ఒక్కటే కారణమని నేను వాదించను. వలసజీవుల ప్రయాణాలకు కేంద్రం అనుమతించిందీ ఆ 29వ తేదీనే. అయినా, వందల మైళ్ల నడకను వర్ణించిన మన సాహిత్యం ఆ రెండు రోజులను ఎందుకు వదిలేసింది?

కారణం మన దృక్పథంలో ఉన్నది. జాలిపడదగిన కూలీ మధ్యతరగతి పాఠకుణ్ణి ఇబ్బంది పెట్టడు. బకాయి లెక్కగట్టి అడిగే కూలీ ఇబ్బంది పెడతాడు. ఆ లెక్కలో మన ఫ్లాటు కూడా ఉంటుంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుంచి మాదాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో లేచిన మేడల్లో పాలమూరు కూలీల చెమట ఉన్నది. ఒడిశా, బీహారు, జార్ఖండ్ కూలీల చెమట ఉన్నది. గల్ఫ్‌లో మనవాడి పాస్‌పోర్టు లాక్కున్న యజమానిని మనం నిలదీస్తాం. ఇక్కడ అడ్వాన్సుతో మనిషిని కట్టిపడేసే మేస్త్రీని, అతని వెనకున్న కంట్రాక్టరును, ఆ వెనకున్న బిల్డరును ఎవరు నిలదీయాలి?

జాలి ఎంతవరకు పనిచేస్తుందో చరిత్రే చెప్పింది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలసకార్మికుల చట్టం అయిదుగురు కూలీలున్న చోటికీ వర్తించేది. పాస్‌బుక్కు, ప్రయాణ భత్యం, స్థానభ్రంశ భత్యం ఇవ్వాలన్నది. మనం కన్నీరు కార్చిన ఆ 2020లోనే, సెప్టెంబరులో, దాని స్థానంలో కొత్త కోడ్‌ను పార్లమెంటు ఆమోదించింది. అది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. అయిదుగురు పదిమందయ్యారు, స్థానభ్రంశ భత్యం మాయమైంది. దీనిమీద ఎన్ని కథలు వచ్చాయి?

ఇది మన సాహిత్యానికి చేతకాని పని కాదు. 1922లోనే ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'లో కూలీలు కూలి కోసం సంఘటితమయ్యారు. ఆయన వారి దుఃఖాన్ని దాచలేదు. దుఃఖం దగ్గర ఆగిపోనూ లేదు.

నేటి రచయిత పని మరింత కష్టమైనది. ఒకే లేబర్ క్యాంపులో మూడు నాలుగు భాషలుంటాయి. మేస్త్రీకి అవన్నీ వస్తాయి, సంఘం పెట్టబోయేవాడికి రావు. భర్త పనికి పోతే రేకుల గదిలో బిడ్డతో మిగిలిన స్త్రీ, తెలుగు బడిలో వెనక బెంచీన కూర్చున్న ఒడియా పిల్లవాడు, వీరు లేకుండా ఆ సంఘం నిలవదు. విద్యార్థులు, ఉపాధ్యాయులు ఆ క్యాంపులకు వెళ్లి జీతాల చీటీలు చదివిపెట్టాలి, అర్జీలు రాసిపెట్టాలి, ఆ పిల్లలకు తెలుగు నేర్పుతూ వారి మాట తాము నేర్చుకోవాలి. నానక్‌రామ్‌గూడ నవల అక్కడినుంచే రావాలి. అందులో కూలీ తన బకాయి ఎంతో పైసలతో సహా చెప్పగలగాలి, అతని పక్కన మరో పదిమంది నిలబడి ఉండాలి.