పలుకని పక్షి – ఆముక్తమాల్యదలోని బాతువుల పద్యముపై విచారము

తెలుగు కావ్యములలో పక్షులకు కొదవ లేదు. హంస లేని సరస్సు లేదు. చిలుక లేని అంతఃపురము లేదు. కోకిల కూయని వసంతము లేదు. అయినను కావ్యములు పది చదివినవాడు చలికాలపు ఉదయమున కిటికీ తెరచి, ఎదుటి పిట్టగోడపై వ్రాలిన పక్షిని చూచి, దాని పేరు చెప్పగలుగుట అరుదు. మన కావ్యములందలి పక్షులలో హెచ్చుపాలు విన్న పక్షులేగాని చూచిన పక్షులు కావు. చకోరము వెన్నెలను గ్రోలును. చాతకము మేఘమునుండి రాలు బొట్టుకై కాచుకొని యుండును. హంస పాలను నీటిని వేరుపరచును. ఇవి కవిసమయములు. వీనిని శాస్త్రముతో కొలిచి తప్పు పట్టుట అరసికత. కాని వీనితోపాటు మన సాహిత్యములో మరియొక జాతి పక్షి అక్కడక్కడ కలదు. అది ఏ నీతిని బోధింపదు, ఎవరి విరహమును మోయదు. కవి కన్నులార చూచి, చూచినదానిని చూచినట్లు నిలిపిన పక్షి యది. అట్టిదానికి ఉత్తమమైన ఉదాహరణము శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసములో, విల్లిపుత్తూరు వర్ణనమునందు కనబడును.

ఆ పద్యము పండితులకు కంఠస్థమే. అందలి విషయము మాత్రమిచ్చట చెప్పుకొన్న చాలును. వేకువవేళ వరిపొలముల కాలువలలో బాతువులు తలలను రెక్కలలో దూర్చుకొని నిదురించుచున్నవి. ఊరి కావలివాండ్రగు ఆరెకులు వానిని చూచి, తెల్లవారుజామున స్నానము చేసి వెళ్ళిన బ్రాహ్మణులు పిండి, ముద్దచేసి, మరచిపోయిన ధోవతులని తలంచిరి. వారి వారి యిండ్లకు చేర్చుదమని రేవులలోనికి దిగిరి. అంతలో ఆ 'ధోవతులు' లేచి పరుగెత్తినవి. అది చూచి వరిచేలకు కావలి యున్న పడుచులు పక్కున నవ్విరి. ఇంతే కథ.

పాఠశాలలలో ఈ పద్యమునకు 'భ్రాంతిమదలంకారము' అని పేరు చెప్పి ముగించుట పరిపాటి. ఆ మాట నిజమే గాని, అంతటితో పద్యము అందినట్లు కాదు. భ్రాంతి కలుగుటకు తగిన ఏర్పాటు కవి మొదటనే చేసినాడు. తల రెక్కలో దూర్చిన పక్షికి మెడ లేదు, ముక్కు లేదు, కన్ను లేదు. పక్షిని పక్షియని పోల్చుకొనుటకు మనకున్న ఆనవాళ్ళన్నియు ఒక్కమారుగా మాయమై, ఒక ముద్ద మాత్రము మిగులును. మసక వెలుతురు దానికి తోడు. అందువలననే పిండి చుట్టిన బట్టతో పోలిక కుదిరినది. మేలుకొని మెడ నిక్కించిన బాతును ఏ తలారియు ధోవతి యనుకొనడు. చలివేకువలో నీటియొడ్డున నిదురించు పక్షులను ఒకమారైనను ఓపికతో చూడనివానికి ఈ ఊహ పుట్టుట కష్టము. ఏనుగులను, కోటలను లెక్కపెట్టుకొనవలసిన చక్రవర్తి కాలువలోని బాతులను ఇంత తీరికగా చూచినాడనుట వింతగా తోచవచ్చును. ఆ తీరికయే ఈ పద్యమునకు ప్రాణము.

కవి ఇచ్చట ఋతువును పేర్కొనలేదు. అయినను ఇది చలికాలమనుటకు పద్యములోనే ఆధారమున్నది. నవ్విన పడుచులు 'శాలి'గోపికలు. శాలి యనగా హేమంతమున పండు వరియని వైద్యగ్రంథములు చెప్పును. చేనికి కావలి పెట్టినారనగా వెన్ను తీసి, గింజ గట్టిపడుచున్నదన్నమాట. అరవదేశమున సాంబా వరి కోతకు వచ్చునది మార్గళి దాటిన పిమ్మటనే. కావున ఈ బాతువుల నిదుర మార్గశిర పుష్యముల మంచులోని నిదురయని గ్రహించిన పద్యము మరింత చల్లగా తోచును. విల్లిపుత్తూరు గోదాదేవి పుట్టినయూరు. మార్గళి వేకువస్నానము ఆమె పేరుతో ముడిపడినది. ధోవతులు మరచిన బ్రాహ్మణులు ఆ వాతావరణములోనివారే.

ఈ పద్యము విలువ తెలియవలెనన్న దానిని శృంగారనైషధము ప్రక్కన పెట్టి చూడవలెను. శ్రీహర్షుని సంస్కృతకావ్యమున నలుడు ఉద్యానవనములో బంగారుహంసను చూచును. అదియు నిదురించుచునే యున్నది. ఒంటికాలిపై నిలిచి, మెడ వాల్చి, తలను రెక్కతో కప్పుకొని యున్నది. శ్రీనాథుడు ఆ కావ్యమును తెనుగున నిలిపినాడు. రెండు చోట్లను నిదురించు పక్షియే. రెండు చోట్లను దాని కడకు మనుష్యుడు నడచి వచ్చుటయే. అచ్చటినుండి త్రోవలు చీలిపోవును. నలుడు మెల్లగా వచ్చి హంసను చేత పట్టుకొనును. పట్టుబడిన హంస మనుష్యభాషలో విలపించి, విడిపించుకొని, తిరిగివచ్చి, దమయంతిని వర్ణించి, దూతయై కథను నడిపించును. ఆరెకులు దిగివచ్చినపుడు బాతువులు ఒక్క మాటయు ఆడవు. లేచి పారిపోవును. వానికి కథతో పని లేదు. అవి దూతలు కావు, శాపగ్రస్తులైన గంధర్వులును కావు. నిదుర చెడిన బాతువులు, అంతే.

మాటలాడు పక్షిని తక్కువ చేయుట ఇచ్చటి ఉద్దేశము కాదు. పింగళి సూరన ప్రభావతీప్రద్యుమ్నములోని శుచిముఖి యను హంసయొక్క వాక్చాతుర్యమునకు సాటి తెలుగులో అరుదు. కాని ఆ హంసలో హంసతనమెంత? రెక్కలు తీసివేసి, దానిని ఒక చతురయైన చెలికత్తెగా మార్చినను కావ్యము పెద్దగా చెడదు. బాతువుల పద్యములో బాతులను తీసివేసిన ఏమియు మిగులదు. ఇరువదవ శతాబ్దమున జాషువ 'గిజిగాడు' ఖండికలో మరల ఈ త్రోవను త్రొక్కినాడు. గూడల్లు పిట్ట పనితనమును దగ్గర నిలిచి చూచినవాని కవిత్వమది. అదే కవి 'గబ్బిలము'న (1941) రెక్కల ప్రాణిని దూతగా పంపినాడు. ఆ రెండు మార్గములును ఆయనకు తెలియును.

ఇక ఈ పద్యములో చూచువారెవరు? ఆరెకులు చూచిరి, కాని వారి చూపు ఉద్యోగపు చూపు. వస్తువు ఎవరిది, ఎచ్చటికి చేర్చవలెనన్నదే వారి చింత. దగ్గరకు పోయిరి, పోగానే చూడవలసినది లేచిపోయినది. పడుచులు దూరమున నిలిచిరి. వారికి పక్షియు దక్కినది, తలారుల అవస్థయు దక్కినది. పక్షులను అదలించి తోలుటయే పనిగా గల ఆడువారు ఆ క్షణమున తమ పని మరచి నవ్విరి. ఇది ఈ పద్యములోని చిన్న చమత్కారము, వ్యాఖ్యాతలు అంతగా పట్టించుకొనని చమత్కారము. కిటికీ ప్రక్కన కూర్చుండి చలికాలపు పక్షులను చూచువాని సుఖము సరిగా ఈ పడుచుల సుఖమే. ముట్టుకొనరాదు, పిలువరాదు, దగ్గరకు పోరాదు. పోయిన ఎడల ఆరెకుల గతియే. మన కావ్యములలో గవాక్షము లేకపోలేదు; కాని అచ్చట నిలిచిన పురస్త్రీలు ఊరేగింపులో వచ్చు రాజకుమారుని చూతురు. గవాక్షమునుండి పిట్టను చూచిన నాయిక యెక్కడనో గాని లేదు.

కవిసమయములన్నియు వట్టివేయని తలపరాదు. వానకాలమున హంసలు మానససరస్సునకు పోవుననియు, శరత్తున మరలివచ్చుననియు కవులు చెప్పుదురు. మన ప్రాచీనుల హంసను తలపై రెండు నల్లని చారలుగల బూడిదవన్నె బాతుగా పలువురు పక్షిశాస్త్రజ్ఞులు గుర్తించినారు. అది టిబెట్టు, మంగోలియా ప్రాంతముల సరస్సులకడ గ్రుడ్లు పెట్టి, హిమాలయములను దాటి, కార్తీకప్రాంతమున దక్షిణమునకు వచ్చును. ఏడువేల మీటర్లకు మించిన ఎత్తున అది ఎగిరినట్లు పరికరములతో కొలిచినారు. కర్ణాటకములో గదగు జిల్లా మాగడి చెరువున చలికాలములో ఈ బాతులు వేలకొలది దిగును. తిరునెల్వేలి సీమలోని కూందకుళమునకును వచ్చును. రాయల రాజధానికిని, ఆయన కావ్యము నడచిన సీమకును ఇవి అతిథులేయన్నమాట. రాకను కవులు సరిగానే పట్టినారు. పోకను మాత్రము ఆలస్యముగా గమనించినారు. అవి ఫాల్గుణ చైత్రములకే తరలిపోవును. మబ్బు పట్టి చెరువు నిండినప్పుడు గాని అవి లేవన్న సంగతి కవికి తట్టినట్లు లేదు. ఉన్న పక్షిని చూచుటకన్న లేని పక్షిని గుర్తించుట కష్టము.

కవిసమయములు ప్రాచీనులతోనే ఆగిపోలేదు. నేటి పత్రికలును ఒకదానిని సృష్టించినవి. చలికాలమున కొంగ వ్రాలిన చోటనెల్ల "సైబీరియా నుండి వచ్చిన పక్షులు" అని వ్రాయుట వానికి అలవాటైనది. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురములోను, కర్ణాటకమందలి మండ్య జిల్లా కొక్కరెబెళ్ళూరులోను ఇండ్లనడుమ చెట్లపై గూళ్ళు కట్టు గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఈ దేశపు పక్షులే. చలికి వెరచి దూరదేశమునుండి వచ్చిన పక్షి ఇచ్చట మేసి పోవునేగాని గూడు కట్టదు. ఇచ్చట గూడు కట్టి పిల్లలను పెంచుదానిని సైబీరియాదనుట, బిడ్డను కన్నయింటిలోనే ఆమెను పరదేశి యనుటవంటిది. కొక్కరెబెళ్ళూరువారు ఈ పక్షులను పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడుబిడ్డలతో పోల్చుదురట. ఆ పల్లె వాకిళ్ళలో నిలిచి చూచినవారి పోలిక పత్రికల పోలికకన్న సత్యము, కవిత్వమునకును దగ్గర. నిజముగా దూరమునుండి వచ్చునవి చూడవలెనన్న చిలకసరస్సు కలదు. గంజాము తీరపు తెలుగు జాలరులకు ఆ సరస్సు ఇరుగుపొరుగు. ఇటీవలి చలికాలపు లెక్కలలో అచ్చటి పక్షులు పది లక్షలు దాటినవి.

ఇంతకును ఈ విచారము అలంకారశాస్త్రమునకు మాత్రము సంబంధించినది కాదు. ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా నివసించు తెలుగువారి యిండ్లలో భాష మొదట పోగొట్టుకొనునవి ఇట్టి పేర్లే. అమ్మ, నాన్న, అన్నము, నీళ్ళు నిలుచును. పిట్టల పేర్లు, చేపల పేర్లు, గడ్డి పేర్లు జారిపోవును. ఈ నష్టమునకు పొరుగుభాషల ఒత్తిడి ఒక్కటే కారణము కాదు. మన నిఘంటువులును, టీకలును దానికి చేయూతనిచ్చినవి. పాఠ్యపుస్తకములో 'ఖంజనాక్షి' యని వచ్చును. టీక 'ఖంజనము – పక్షివిశేషము' అనును. ఈ 'పక్షివిశేషము' అను మాట ఎన్ని పక్షులను మ్రింగినదో లెక్క లేదు. బాలుడు దానిని వల్లించి, పరీక్షలో వ్రాసి, మరచిపోవును. ఏ పక్షియని అడుగడు, ఎవరును చెప్పరు.

ఆ ఖంజనము తెలుగున కాటుకపిట్ట. నీటియొడ్డుల సంవత్సరము పొడవునను ఉండు పెద్దజాతి యొకటి. చలికాలమున ఉత్తరమునుండి వచ్చు చిన్నజాతి యొకటి. రెండవది ఆశ్వయుజమున వచ్చి, మేడపైకప్పులపైనను పాఠశాలల ఆటస్థలములలోను తోక ఆడించుచు పరుగులు పెట్టి, ఉగాది నాటికి పయనమగును. తెల్లని మొగము, నల్లని రొమ్ము, క్షణము నిలువని చాంచల్యము. కవులు స్త్రీల కన్నులకు దీనిని ఏల పోల్చినారో వివరింపనక్కరలేకుండ తెలుగువాడు పేరులోనే కాటుక పెట్టినాడు. సంస్కృతపు ఉపమానమునకు అచ్చతెనుగు పేరే వ్యాఖ్యానమైన సందర్భములు ఇట్టివి ఎన్నో లేవు. చెన్నపట్టణమున అరవపిల్లలు ఇదే పిట్టను 'వాలాట్టి' యందురు. వారు తోకను చూచినారు, మనవారు కాటుకను చూచినారు. తెలుగుపిల్లవానికి రెండు పేర్లును తెలిసినచో లాభమేగాని నష్టము లేదు. నేడు పెక్కు చోట్ల వానికి తెలిసినది మొదటిది మాత్రమే. రెండవది 'పక్షివిశేషము' క్రింద పూడిపోయినది.

టీకాకారుడు ఆ రెండు మాటలను కొట్టివేసి 'కాటుకపిట్ట' యని వ్రాసిన చాలును. ఆ పాఠమును వేసవిలో గాక కార్తీకమాసములో చెప్పునట్లు అమర్చుకొనిన ఎడల, టీక వ్రాయుట సయితము అనవసరము కావచ్చును. తరగతి కిటికీ తెరచియుండవలెను. పిల్లలు కొంచెము నిశ్శబ్దముగా నుండవలెను.