మొగలాయి కట్టడములు – ఒక యాత్రావ్యాసము

మా మిత్రులొకరు తాము క్రొత్తగా వ్రాసిన యాత్రావ్యాసమును మొన్న మదనపల్లెలో నలుగురము కూడినప్పుడు చదివి వినిపించిరి. దాని పేరు “మొగలాయి కట్టడముల దర్శనము.” మదనపల్లెనుండి కారులో బయలుదేరి, మొదట గుఱ్ఱంకొండ చూచి వెనుకకు మరలి, పుంగనూరులో ఒక దంపతుల నెక్కించుకొని, ముళబాగిలు మీదుగా కోలారు చేరి, అచ్చట కుప్పమునుండి వచ్చిన మఱియొక మిత్రుని కలిసికొని, శిరావఱకు పోయివచ్చిన రెండు దినముల కథ యది. ఆ కారులో మేమును ఉంటిమి. కావున ఈ విమర్శలో కొంతపాలు మాకును దక్కును.

వచనము తేటగా నున్నది. మిత్రులకు హాస్యమును చేతనగును. అయితే ముళబాగిలు దోసెకు రెండు పుటలు దొరకగా, శిరా మసీదుకు ఆఱు పంక్తులే దొరకినవి. ఆ ఆఱింటిలో “అద్భుతము” అను మాట నాలుగుమాఱులు వచ్చినది. అద్భుతమని చెప్పుట చూచినట్లు కాదు. ఎన్ని కమానులున్నవి, ఏ రాయి, ఎవరి కాలము అను ప్రశ్నలు ఆ వ్యాసమున ఎచ్చటను తల యెత్తవు.

దీనికంటె పెద్ద లోపము పేరులోనే యున్నది. గుమ్మటము కనబడినచోట నెల్ల మిత్రులు మొగలాయి యనిరి. శిరాలో మలిక్ రిహాను సమాధి 1651 నాటిది. అప్పటికి శిరా బిజాపుర సుల్తానుల యధీనములో నుండెను. మొగలులు ఆ పట్టణమును వశపఱచుకొన్నది 1687లో. అనగా సమాధి లేచిన ముప్పదియాఱేండ్లకు. షాజహాను ఆగ్రాలో 1632లో మొదలుపెట్టించిన తాజమహలు ఆవరణపు పనులు ఇంకను సాగుచున్న దినములలోనే, వేఱొక ప్రభువు రాజ్యములో, వేఱొక సంప్రదాయపు చేతులతో ఈ సమాధి లేచినది. ఈ రెంటిని ఒక్కపేర పిలుచుట, తంజావూరి గోపురమును కోణార్కమును ఒక రాజు కట్టించెననుట వంటిది. 1696 నాటి జుమ్మా మసీదు మాత్రము మొగలుల యేలుబడిలోనిది. మా యాత్రలో ఆ పేరు నిస్సంశయముగా చెల్లునది ఇది యొక్కటియే. మిత్రులు దాని లోపలికి పోనేలేదు. ఎండ యెక్కువగా నున్నదట!

మిత్రుల పక్షమునను ఒక మాట చెప్పవలెను. మొగలుల శిరా సుబాలో కోలారును పెనుకొండయు పరగణాలుగా నుండెను. శిరాలో దిలావరు ఖాను కట్టించిన మహలును చూచియే బెంగుళూరు, శ్రీరంగపట్టణముల మహళ్లు కట్టిరని చెప్పుదురు. కాబట్టి ఢిల్లీ గాలి మన వైపునకు బొత్తిగా వీవలేదని మేమనము. ఈ దారి పట్టియుండినచో వ్యాసమునకు చక్కని వస్తువు దొరకెడిది.

కోలారులోని సమాధిలో హైదరాలి తండ్రి ఫతే మహమ్మదు నిద్రించుచున్నాడు. అతడు శిరా సుబేదారుని కొలువులో నుండినవాడు. హైదరు 1782 డిసెంబరులో మన చిత్తూరుదగ్గఱి నరసింగరాయనిపేట దండులో కన్నుమూయగా, ఆ దేహమును మొదట ఈ తండ్రి సమాధికే తెచ్చి, పిమ్మట శ్రీరంగపట్టణమునకు కొనిపోయిరి. మన సీమ పాఠకులకు ఇంతకంటె దగ్గఱి కథ యేది? వ్యాసములో దీని యూసే లేదు.

అచ్చటనే పుంగనూరి యిల్లాలు ఒక ప్రశ్న వేసిరి. ఆమె పుట్టినిల్లు బూదికోట దరి పల్లె. హైదరు పుట్టినదియు బూదికోటయే. “మొగలాయిలంటే ఢిల్లీవాళ్లు కదన్నా? ఈయప్ప మా బూదికోట మనిషి కదా?” అని ఆమె యడిగిరి. మిత్రులు నవ్వి మాట మార్చిరి. మేమును నవ్వితిమి. వ్యాసములో ఆమె కనబడునది ఒక్క చోటనే, చిత్రాన్నపు డబ్బా తెచ్చినప్పుడు. ఆ రెండు దినములలో ఎవరైనను పలికిన మాటలలో విమర్శ అనదగినది ఆ ప్రశ్నయే.

“లోకులందఱు అట్లే అందురు, పేరుతో నేమి హాని?” అని మిత్రులు వాదించిరి. హాని కలదు. గుఱ్ఱంకొండలో నున్నది మీర్ రజా అలీఖాను సమాధి. అతడు హైదరాలికి బావమఱది. మైసూరువారి పక్షమున ఈ సీమను పాలించినవాడు. దానిని మొగలాయి యనగానే అది ఢిల్లీవారి సొత్తగును. ఢిల్లీవారి సొత్తు గారపెచ్చు లూడినను మనకేమి? అంతటితో పోదు. ఆ కొండక్రింద తరతరములుగా కాపురమున్న సాయిబుల కుటుంబములును ఎక్కడినుండియో వచ్చిన చుట్టములగుదురు.

ఈ తప్పు మేము ఇరువదియేండ్లు తరగతిలో చేసితిమి. ఒకమాఱు బాలురను గుఱ్ఱంకొండకు తీసికొనిపోగా, ఒక పిల్లవాడు “ఇది ఏ రాజు కాలంది సార్?” అని యడిగెను. “ఔరంగజేబు” అని తడుముకొనక చెప్పితిమి. ఔరంగజేబు 1707లోనే చనిపోయెను. వాడు ఆ పేరును పలకవలె నున్న చిన్న పుస్తకములో వ్రాసికొనుచుండగా చూచియు మేము దిద్దలేదు. వాడిప్పు డెచ్చట నున్నాడో!

పేరు మార్చి, బూదికోట ప్రశ్నతో వ్యాసమును మొదలుపెట్టుడని మేము మిత్రులను కోరితిమి. వారు కాగితములు మడిచి జేబులో పెట్టుకొని, పేరు మార్చెదమనియు, ఆమె నడిగి ఆ ప్రశ్నను ఆమె పేరుతోనే చేర్చెదమనియు ఒప్పుకొనిరి. దోసె పుటలు మాత్రము తీసివేయరట.