బాబిలోన్‌పై సైరస్ దండయాత్ర: ఉద్దేశం ఏమిటి?

ఖుర్ఆన్ పేర్కొన్న జుల్‌ఖర్నైన్, పారసీక చక్రవర్తి సైరస్ ఒకరేనని మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ ‘తర్జుమానుల్ ఖుర్ఆన్’లో వాదించారు. అది సరైనదా కాదా అన్న చర్చ ఇక్కడ అప్రస్తుతం. అయితే దాన్ని అంగీకరించినవారిలో కొందరు మరో అడుగు వేసి, పీడితుల విముక్తి కొరకే సైరస్ బాబిలోన్‌పై దండెత్తాడంటారు. మా అభ్యంతరం అక్కడే.

ఇందుకు ముఖ్యాధారం 1879లో బాబిలోన్ శిథిలాలలో దొరికిన, పీపా ఆకారపు మట్టి శాసనం. మర్దూక్ దేవత న్యాయవంతుడైన రాజును వెదకి సైరస్‌ను ఎన్నుకుని, పోరు లేకుండానే నగరంలో ప్రవేశపెట్టిందని అందులో ఉంది. ఏకేశ్వరారాధకుడని మనం మెచ్చే రాజుకు ఒక విగ్రహం పేరిట యోగ్యతాపత్రమా! పైగా అది గెలిచినవాడు గెలిచిన పిదప వ్రాయించినది.

నబోనిడస్ కాలపు వృత్తాంత ఫలకం వేరుగా చెబుతుంది. క్రీ.పూ. 539లో టైగ్రిస్ తీరాన ఓపిస్ వద్ద యుద్ధం జరిగింది. కొల్లగొట్టడం, ఊచకోత జరిగినట్లు ఎక్కువమంది పండితులు ఆ ఫలకాన్ని చదివారు. బాబిలోన్ పోరు లేకుండా లొంగింది ఆ తరువాతనే. అప్పటికే మీడియా, లిడియా రాజ్యాలు సైరస్ వశమయ్యాయి. లిడియా విషయంలో ముందుగా కయ్యానికి దిగినవాడు క్రోసస్. బాబిలోన్ విషయంలో ఆ సమర్థన కనబడదు. మిగిలిన సంపన్న రాజ్యాలలో అదొకటి. దాన్ని గెలిస్తే సిరియా మీదుగా సముద్రం వరకు దారి దొరుకుతుంది.

ఇక ఖుర్ఆన్ నుండి ఉద్దేశాన్ని రాబట్టవచ్చునా? కహఫ్ సూరాలోని ‘సబబ్’ను ఉర్దూ అలవాటుతో ‘కారణం’ అని నేనే ఒక చిత్తుప్రతిలో వ్రాసి కొట్టివేశాను. అక్కడ అరబీలో దాని అర్థం సాధనం, మార్గం. జుల్‌ఖర్నైన్ ఎందుకు బయలుదేరాడో ఆ పదం చెప్పదు.