మీట నొక్కితే మాట వినాలి

తెలుగులో వ్యాసం టైపు చేస్తున్నారనుకోండి. ఒక వాక్యాన్ని కాపీ చేయడానికి కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కారు. కొన్ని ప్రోగ్రాముల్లో పని జరుగుతుంది. మరికొన్నింటిలో ఏమీ జరగదు. మీటలు అవే, వేళ్ళూ అవే. మరి తేడా ఎక్కడుంది?

మీట నొక్కగానే కీబోర్డు పంపేది అక్షరాన్ని కాదు, ఆ మీటకు కేటాయించిన సంఖ్యను. అప్పుడు ఎంచుకొని ఉన్న భాషను బట్టి ఆపరేటింగ్ సిస్టం దాన్ని అక్షరంగా మారుస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో సి మీట 'మ' అవుతుంది, వి మీట 'న' అవుతుంది. "సి అక్షరం వచ్చిందా?" అని మాత్రమే చూసే ప్రోగ్రాముకు 'మ' కనబడుతుంది. దాంతో అది ఊరుకుంటుంది.

ఇది చిన్న లోపం కాదు. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 13194 ప్రమాణంలో ఇన్‌స్క్రిప్ట్‌ను చేర్చింది. దాని గొప్పతనం రాయపూర్ లాంటి ఊళ్ళో బాగా తెలుస్తుంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో హిందీ చదివే పిల్లలకు కె మీట రెండు లిపుల్లోనూ 'క'నే ఇస్తుంది. ఒక లిపి వేళ్ళకు అలవాటైతే రెండోది దాదాపు వచ్చినట్టే. ఇంత ముందుచూపుతో చేసిన అమరికను, లోకమంతా ఇంగ్లీషులోనే టైపు చేస్తుందనుకొనే ప్రోగ్రామరు ఒక్క పంక్తితో పాడుచేస్తున్నాడు.

అలాగని మీట ఉన్న చోటునే నమ్ముకున్నా చిక్కే. ఫ్రెంచి కీబోర్డులో ఎ, క్యూ మీటలు చోట్లు మార్చుకుంటాయి. అంతా ఎంచుకోవాలని అక్కడివారు కంట్రోల్-ఎ నొక్కితే, ప్రోగ్రాము దాన్ని కంట్రోల్-క్యూ అనుకొని మూతపడవచ్చు! కాబట్టి ముందు అక్షరాన్ని చూడాలి. అది ఇంగ్లీషు అక్షరం కాకపోతే, అదే మీటకు ఇంగ్లీషులో ఉన్న అక్షరాన్ని తీసుకోవాలి. ఈ రెండు మెట్లూ ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

రెండో లోపం ఫోకస్‌కు సంబంధించింది. తెరపై ఎన్ని కిటికీలున్నా, మనం టైపు చేసేది ఒక్కదానికే చేరుతుంది. ఆ అర్హతే ఫోకస్. మధ్యలో ఏదో పెట్టె తనంత తాను ముందుకొచ్చి ఫోకస్‌ను లాక్కుంటే, కొత్త పేరా కోసం నొక్కిన ఎంటర్ దేనికో "సరే" అన్నట్టు అయిపోతుంది. చూపు లేనివారి సంగతి ఆలోచించండి. మౌసు బాణం వారికి కనబడదు. తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేరు సాధారణంగా ఫోకస్ ఉన్నచోటునే చదువుతుంది. అది దారి తప్పితే వారూ తప్పినట్టే. వెబ్ పేజీల కోసం 2008లో వెలువడిన డబ్ల్యు.సి.ఎ.జి. 2.0 మార్గదర్శకాలు, ఫోకస్ ఎక్కడా చిక్కుకుపోకూడదని, ఎక్కడుందో కనబడాలని చెప్పాయి. డెస్క్‌టాప్ ప్రోగ్రాములకూ అదే న్యాయం వర్తించాలి.

మీరు రాసిన ప్రోగ్రామును ఇలా పరీక్షించండి. మౌసును పక్కన పెట్టండి. భాషను తెలుగుకు మార్చండి. ట్యాబ్ మీటతో ప్రతి గడికీ వెళ్ళి, తిరిగి రండి. కాపీ చేసి, అతికించి చూడండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడే మీ ప్రోగ్రాము కొందరికి తలుపు మూసిందన్నమాట.