లింబాయత్ సందులో డాక్టరు గారు
సూరత్‌లోని లింబాయత్, ఉధనాల్లో తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీ నేతన్నలు ఎందరో. నైట్ డ్యూటీ దిగి క్లినిక్‌కు వచ్చినవాడు దిగులని చెప్పడు. కడుపులో మంట, నిద్ర పట్టట్లేదంటాడు. మంచి ఫ్యామిలీ డాక్టరు పనితనమంతా అక్కడే. బీపీ చూస్తూనే అప్పుల సంగతి, తాగుడు సంగతి కదుపుతారు. ఆపైన సూటిగా, "చచ్చిపోవాలనిపిస్తోందా, తమ్ముడూ?" అంటారు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది వట్టి అపోహ. చాలామందికి గుండె బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా పంపరు. ఇంటివాళ్లను పిలిపిస్తారు, మాత్రలు కొద్దిరోజులకే రాస్తారు, సైకియాట్రిస్టుకు తామే ఫోన్ చేస్తారు. 2022లో మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 చీటీ మీద వేస్తారు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది, మళ్లీ రమ్మన్న రోజున మనిషి రాకపోతే కాంపౌండరును ఇంటికి పంపడం.