రాళ్ళు పేర్చడమంటే నీటికి దారి వేయడమే

చిన్న రీఫ్ అక్వేరియం, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టె, పెట్టాలనుకునేవాళ్ళు మొదట అడిగేది దీపం గురించి. ఏ రంగు కాంతి, ఎన్ని వాట్లు, ఏ కంపెనీ అని. ఆ తర్వాత చేపలు, పగడాల ధరలు. రాళ్ళ సంగతి చివర్లో వస్తుంది, నీటిని తిప్పే మోటారు సంగతి డబ్బులు కట్టేటప్పుడు గుర్తొస్తుంది. ఈ వరస తిరగబడాలి. దీపం నచ్చకపోతే రేపు మార్చుకోవచ్చు. పగడాలు అంటుకుని పెరిగాక రాళ్ళను కదిపితే మాత్రం తొట్టె మొత్తం మొదటికొస్తుంది. నీరు ఎటు పారాలో, ఎక్కడ నెమ్మదించాలో తేల్చేవి కూడా ఆ రాళ్ళే. అరవై ఏళ్ళు దాటిన ఈ పెంపకం విద్యలో అసలు పనితనం రాతికీ నీటికీ పొత్తు కుదర్చడంలోనే ఉంది.

జకార్తా నుంచి బెర్లిన్ దాకా

ఇండోనేషియాలోని జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే పెంపకందారు తన పద్ధతిని 1961లో 'ట్రాపికల్ ఫిష్ హాబీయిస్ట్' అనే అమెరికన్ పత్రికలో వివరించారు. ఆ రోజుల్లో సముద్రపు చేపలు పెంచేవాళ్ళు చచ్చిన పగడాల అస్థిపంజరాలను తెల్లగా బ్లీచ్ చేసి అలంకారానికి పెట్టేవారు. తొట్టె ఎంత కడిగి ఉంచితే అంత మంచిదని నమ్మేవారు. లీ అందుకు పూర్తిగా ఎదురు దారిలో వెళ్ళారు. పురుగులు, నాచు, బాక్టీరియాతో సహా ప్రాణమున్న రాతిని సముద్రం నుంచి తెచ్చి అలాగే తొట్టెలో పెట్టారు. గాలి బుడగలతో నీటిని కదిలించారు, ఎండ తగలనిచ్చారు. పగడాలు బతికాయి. పెంపకందారులు ఇవాళ 'లైవ్ రాక్' అనే మాట వాడుతున్నది ఆ రాతి గురించే.

తర్వాతి అడుగు జర్మనీలో పడింది. బెర్లిన్ పెంపకందారులు ఈ రాతికి తోడు ప్రొటీన్ స్కిమ్మర్‌నూ బలమైన నీటి ప్రవాహాన్నీ చేర్చారు. నీటిలో కరిగిన సేంద్రియ మలినాన్ని నురగ రూపంలో పైకి తీసేసే పరికరం స్కిమ్మర్. ఈ కలయికకే 'బెర్లిన్ పద్ధతి' అనే పేరు నిలిచిపోయింది. అక్కడి డీట్రిచ్ స్టూబర్ చిన్న ముక్క నుంచి పెంచిన అక్రొపోరా పగడం కొమ్మలు చేతులు మారుతూ ఎన్నో దేశాల తొట్టెలకు చేరాయి. కొమ్మ తుంచి మరొకరికి ఇచ్చి పెంచుకోవడం అనే మంచి అలవాటు ఇలాంటి మనుషుల వల్లే బలపడింది.

రాయి చేసే పని

లైవ్ రాక్ నిండా కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. ప్రాణవాయువు అందే పైపొరల్లో ఒక రకం బాక్టీరియా చేపల విసర్జనలోని అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. ప్రాణవాయువు చేరని లోపలి గదుల్లో మరికొన్ని రకాలు ఆ నైట్రేటును నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలో కలిపేస్తాయి. తొట్టెకు మూత్రపిండం, కాలేయం రెండూ రాయే. అయితే రాతిని తాకుతూ నీరు పారినంతవరకే ఈ పని సాగుతుంది.

తొలినాళ్ళ తొట్టెలు ఈ విషయంలో దెబ్బతిన్నాయి. గాలన్‌కు ఒక పౌను రాయి ఉండాలని, అంటే లీటరుకు దాదాపు 120 గ్రాములని ఒక లెక్క ప్రచారంలో ఉండేది. ఆ లెక్క కోసం వెనక అద్దానికి ఆనించి గోడలా రాళ్ళు పేర్చేవారు. గోడ వెనక నీరు కదిలేది కాదు. తిండి తునకలు, చేపల మలం అక్కడ చేరి కుళ్ళి, నైట్రేటునూ ఫాస్ఫేటునూ తిరిగి నీటిలోకి వదిలేవి. ఎక్కువ రాయి పెడితే ఎక్కువ శుభ్రమనుకున్నవాళ్ళకు చివరికి ఎక్కువ నాచు మిగిలింది. రాయి బరువు కన్నా నీరు తగిలే రాతి ముఖం ముఖ్యమని తెలిశాక, విడివిడి దీవులుగా పేర్చే తీరు వ్యాపించింది.

పగడానికి నీరు ఎందుకు పారాలి

పగడం జంతువే అయినా అంటుకున్న చోటే దాని బతుకు. తిండి, ప్రాణవాయువు తెచ్చిపెట్టేదీ, విసర్జించిన దాన్ని మోసుకుపోయేదీ నీరే. ఎంత చురుగ్గా పారే నీటిలోనైనా, పగడం ఒంటిని ఆనుకుని ఒక పలచని పొర దాదాపు కదలకుండా ఉండిపోతుంది. వాయువులు, పోషకాలు ఆ పొరను దాటే లోపలికి రావాలి, బయటికి పోవాలి. ప్రవాహం మందగించేకొద్దీ పొర మందమవుతుంది, పగడానికి ఊపిరాడదు. పగటిపూట ఇంకో చిక్కు ఉంది. పగడం కణజాలంలో ఉండే సూక్ష్మ శైవలాలు వెలుతురులో ప్రాణవాయువు తయారుచేస్తాయి. అది బయటికి పోకుండా పేరుకుంటే అదే హాని చేస్తుంది.

1998లో సముద్రాలు వేడెక్కి ప్రపంచమంతటా పగడాలు తెల్లబారాయి. ఆ నేపథ్యంలో జపాన్‌లోని ఒకినావాలో తకాషి నకమురా, రాబర్ట్ వాన్ వోసిక్ ప్రయోగాలు చేసి 2001లో ఫలితాలు ప్రచురించారు. వేడి, వెలుతురు ఒకే స్థాయిలో ఉన్నా, నీరు చురుగ్గా పారిన చోటి అక్రొపోరా పగడాలు తట్టుకున్నాయి. నీరు మందంగా కదిలిన చోటివి తెల్లబారాయి, చనిపోయాయి. ఎర్ర సముద్రం ఒడ్డున ఎయిలాట్‌లో గుండెలా ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉండే మెత్తని పగడం హెటెరోజీనియా మీద 2013లో ఒక పరిశోధన వెలువడింది. ఆ కదలిక ఒంట్లో పేరుకునే ప్రాణవాయువును బయటికి తోసి, కిరణజన్య సంయోగక్రియను ఎన్నో రెట్లు పెంచుతుందని తేలింది. పారే నీటి కోసం ఒక జీవి ఇంత శ్రమ పడుతోందంటే, దాన్ని ఇంట్లో పెట్టుకునే మనం ఆ నీటి గురించి ఎంత ఆలోచించాలి!

దిబ్బ నేర్పే పాఠం

అలలు విరిగే వైపు పగడపు దిబ్బను గమనిస్తే, పగడపు గట్లు సముద్రంలోకి పొడుగ్గా చొచ్చుకుపోయి ఉంటాయి. రెండు గట్ల మధ్య లోతైన కాలువ ఉంటుంది. అల గట్టు మీద విరుగుతుంది, వెనక్కి మళ్ళే నీరు ఇసుకనూ రాతి పొడినీ పట్టుకుని కాలువ గుండా లోతుకు పోతుంది. దిబ్బ లోపలి వైపు, లక్షద్వీప్ మడుగుల లాంటి చోట్ల, ఇసుక నేల మీద పగడపు బండలు విడివిడిగా లేచి ఉంటాయి. నీరు వాటి చుట్టూ తిరిగి పోతుంది. చిన్న తొట్టెకు నమూనాలు ఈ రెండే: గట్టూ కాలువా, ఇసుకలో బండ. మడవ తిప్పే రైతు నీటిని మోసుకెళ్ళి మడిలో పోయడు. గట్టు ఎక్కడ కట్టాలో, ఎక్కడ తెగ్గొట్టాలో చూసుకుంటాడు. తొట్టెలో రాళ్ళు పేర్చేవాళ్ళకూ కావలసింది ఆ చూపే.

పేర్చే తీరు

60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తున్న తొట్టె తీసుకుందాం. అంచు దాకా నింపితే 96 లీటర్లు. రాళ్ళు, ఇసుక, పైన వదిలే ఖాళీ పోగా నీరు సుమారు 80 లీటర్లు ఉంటుంది.

ముందు తొట్టె అడుగు కొలతకు ఒక అట్టముక్క కత్తిరించి, నాలుగు వైపులా అయిదేసి సెంటీమీటర్లు వదిలి గీత గీయండి. రాళ్ళన్నీ ఆ గీత లోపలే ఉండాలి. వదిలిన ఆ చోటే నీటికి దారి, అద్దం తుడిచే అయస్కాంతానికీ దారి. రాళ్ళను బల్ల మీదే పేర్చి చూసుకోండి. నీటిలో చేతులు పెట్టాక చేసే మార్పులు తొందరపాటుతో చేసేవే అవుతాయి.

రెండు దీవులు చాలు, అవి సమానంగా ఉండకూడదు. పెద్దది ఒక పక్కకు, చిన్నది రెండో పక్కకు పెట్టి, మధ్య కాలువను తొట్టె నడిబొడ్డున కాకుండా కాస్త పక్కకు జరపండి. కాలువ ముందు నుంచి వెనక దాకా తెగకుండా సాగాలి. అప్పుడు నీరు వెనక అద్దం దాకా వెళ్ళి తిరిగి వస్తుంది, చూసే కంటికి లోతు కూడా కనిపిస్తుంది. ఎత్తు 25 సెంటీమీటర్లు దాటనివ్వకండి. పైన మిగిలే ఖాళీ రేపు పెరిగే పగడాలది.

రాయి మూడు చోట్ల ఆని కూర్చుంటే నిలకడగా ఉంటుంది. వేలితో నెట్టినప్పుడు ఊగితే తీసి మళ్ళీ పెట్టండి. కుదురుకున్నాక కీళ్ళ దగ్గర జెల్ రకం సూపర్ గ్లూ, ఎపాక్సీ ముద్ద వేసి బిగించండి. రాళ్ళను ఇసుక మీద పెట్టకండి. మొదట తొట్టె అడుగు అద్దం మీద కూర్చోబెట్టి, ఆ తర్వాత చుట్టూ ఇసుక పోయండి. పిస్టల్ రొయ్యలు, గోబీ చేపలు ఇసుక తవ్వి గూడు చేసుకుంటాయి. ఇసుక మీద నిలబెట్టిన రాయి ఆ తవ్వకానికి ఒరిగి అద్దాన్ని పగలగొట్టగలదు.

చిన్న కమాను, కింద నీడ ఉండే చూరు ఒక్కొక్కటైనా ఉండాలి. బెదిరిన చేపకు అవి ఆశ్రయం, తక్కువ వెలుతురు కోరే పగడానికి చోటు. పైభాగంలో అక్కడక్కడ బల్లపరుపు మెట్లు ఉంచితే పగడాలు అంటించడం తేలిక. అంతా అయ్యాక ఒక రాయి తీసి పక్కన పెట్టి చూడండి. ఎక్కువసార్లు అది లేకుండానే తొట్టె బాగుంటుంది.

నీటిని తిప్పే తీరు

పవర్‌హెడ్‌లు అనే పాత రకం మోటార్లు సన్నని ధారను గట్టిగా కొట్టేవి. ధార తగిలిన పగడం ఒళ్ళు చిరిగేది, జానెడు పక్కనున్న దానికి నీరు అందేది కాదు. 2000 తర్వాత వాడుకలోకి వచ్చిన ప్రొపెల్లర్ మోటార్లు, ఇవాళ అందరూ వేవ్‌మేకర్లు అంటున్నవి, ఎక్కువ నీటిని వెడల్పుగా, మెత్తగా తోస్తాయి. మెత్తని పగడాలకు గంటకు తొట్టె నీటికి 10 నుంచి 20 రెట్లు, చిన్న పాలిప్‌లు (పగడాన్ని కట్టే ఒక్కో చిన్న జీవి) ఉండే గట్టి పగడాలకు 30 నుంచి 50 రెట్లు నీరు తిరగాలని పెంపకందారుల లెక్క. మన 80 లీటర్లకు 20 రెట్లంటే గంటకు 1,600 లీటర్లు. డబ్బా మీది అంకె కంటే ఆ నీరు తొట్టెలో ఎలా పరుచుకుంటుందన్నది ముఖ్యం.

మోటారును పొట్టి వైపు అద్దానికి పైన, పొడవు వెంట నీరు పోయేలా బిగించండి. నీరు పైన సాగి, ఎదుటి అద్దాన్ని తాకి, కిందికి దిగి, అడుగున రాళ్ళ చుట్టూ తిరిగి వస్తుంది. తొట్టె మొత్తం ఒక వలయంగా తిరగడం మొదలవుతుంది. ఒకసారి వేగం పుంజుకున్న ఆ వలయాన్ని నిలబెట్టడానికి చిన్న మోటారు చాలు. మోటారు ముఖం కాస్త పైకి తిప్పితే నీటి ఉపరితలం అలలు వేసి, గాలితో వాయువుల మార్పిడి జరుగుతుంది. రెండో మోటారు ఉంటే ఎదుటి వైపు పెట్టి, కొన్ని గంటలకోసారి వంతులు మార్చండి. సముద్రంలో ఆటుపోట్లు చేసేదీ అదే. నీరు ఒకే వైపు నుంచి ఏళ్ళ తరబడి కొడితే పగడం ఒక పక్కకే పెరుగుతుంది.

పగడాలు కొనకముందే ప్రవాహాన్ని పరీక్షించండి. చిటికెడు మేత పొడి వదిలి, తునకలు ఎటు పోతున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో చూడండి. వారం తర్వాత గోధుమరంగు మడ్డి ఎక్కడ పేరుకుందో వెతకండి. నీరు చేరని చోటు అదే. ఎర్రటి జిగట నాచు తరచుగా మొదలయ్యేదీ అక్కడే. ముందు మోటారు కోణం మార్చి చూడండి, లాభం లేకపోతే రాయి జరపండి. ఇసుక లేచి అద్దం బయటపడితే మోటారును పైకి జరపండి.

పగడాలను అంటించేటప్పుడు గాలివాటు చూసినట్టు నీటివాటు చూడాలి. గలాక్సియా, యూఫిలియా లాంటి పగడాలు రాత్రిళ్ళు కుట్టే స్పర్శకాలను పొడుగ్గా చాచి, పక్కనున్న వాటిని చంపుతాయి. ఆ స్పర్శకాలు ప్రవాహం పోయే వైపే తేలుతాయి. అందుకని వీటిని నీరు పోయే చివర, చుట్టూ ఖాళీ వదిలి పెట్టాలి.

మన ఇళ్ళలో, మన చట్టంలో

మన ఊళ్ళలో కరెంటు పోవడం మామూలే. మోటారు ఆగితే రాత్రిపూట కొన్ని గంటల్లోనే నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు, లేదా ఇన్వర్టర్‌కు కలిపిన ఒక మోటారు తప్పనిసరి. వేసవిలో నీటిని 25, 26 డిగ్రీల దగ్గర నిలపడానికి చిల్లర్ లేనివాళ్ళు నీటి మీదికి ఫ్యాను పెడతారు. ఆవిరైన మేరకు ఆర్ఓ మంచినీళ్ళే పోయాలి. ఉప్పు ఆవిరి కాదు కనుక ఉప్పునీళ్ళు పోస్తే తొట్టెలో ఉప్పు పెరుగుతూ పోతుంది.

గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు వల్ల మన తీరంలో పెద్ద పగడపు దిబ్బలు లేవు. దేశంలో ప్రధానమైనవి మన్నార్, కచ్ సింధుశాఖల్లో, లక్షద్వీప్‌లో, అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్నాయి. తూత్తుకుడి దగ్గర దిబ్బలను ఒకప్పుడు సున్నం కోసం తవ్వుకున్నారు. ఆ గాయం మానడానికి తరాలు పడుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్ కింద గట్టి పగడాలన్నిటికీ రక్షణ ఉంది. మన సముద్రం నుంచి వాటిని తీయడం నేరం. లీ నడిచిన దారిలో ఇవాళ సముద్రపు రాయి తెచ్చుకోవలసిన అవసరం కూడా లేదు. ప్రాణం లేని పొడి రాయి తెచ్చి, బాక్టీరియా వేసి, నెలా రెండు నెలలు ఓపిక పడితే అదే లైవ్ రాక్ అవుతుంది.

ఈ విద్య ఇంటి అలంకారంతో ఆగలేదు. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో జేమీ క్రాగ్స్ బృందం అక్వేరియంలోనే వెన్నెల, ఉష్ణోగ్రతల చక్రాలను అనుకరించి, పగడాలు అనుకున్న సమయానికి గుడ్లు విడిచేలా చేసి, 2017లో ఆ పద్ధతిని ప్రకటించింది. ఆ బృందం సాయంతో 2019లో ఫ్లోరిడా అక్వేరియం కరీబియన్ ప్రాంతపు పిల్లర్ పగడం తొలిసారి తొట్టెలో గుడ్లు విడిచేలా చేసింది. సముద్రంలో కనుమరుగవుతున్న జాతికి తొట్టె ఒక విత్తనాల కొట్టు కాగలదని రుజువైంది.

కొత్తగా మొదలుపెట్టేవారికి నాదొక విన్నపం. మొదటి నెలంతా పగడం కొనకండి. రాళ్ళు, ఉప్పునీరు, మోటారు, ఈ మూడే నడవనివ్వండి. రోజూ కాసేపు కూర్చుని నీరు ఎటు పోతోందో చూడండి, రాయి జరపాలనిపిస్తే అప్పుడే జరపండి. సముద్రం నుంచి తీసిన రాతినీ పగడాన్నీ ఎంత చవగ్గా ఇస్తామన్నా తీసుకోకండి. నీటి దారి కుదిరాక తెచ్చి అంటించే చిన్న పగడం ముక్క, మీరు శ్రద్ధగా చూసుకుంటే మీ పిల్లలు పెద్దయ్యేదాకా పెరుగుతూనే ఉంటుంది.