సముద్రశక్తి: గుర్తింపు సరే, గిరాకీ ఏది?

సముద్రమునుండి విద్యుత్తును పొందుటకు ముఖ్యముగా మూడు మార్గములు కలవు. ఆటుపోట్ల వలన కదలు నీటితో టర్బైనును త్రిప్పవచ్చును. కెరటముల కదలికను వినియోగించుకొనవచ్చును. ఉపరితలమున నున్న వెచ్చని నీటికిని, లోతున నున్న చల్లని నీటికిని గల ఉష్ణోగ్రతా భేదముతో యంత్రమును నడుపవచ్చును. మన దేశమునకు ఈ అవకాశములు లేకపోలేదు. ఖంభాత్ సింధుశాఖలో ఆటుకు, పోటుకు మధ్య నీటిమట్టపు తేడా గరిష్ఠముగా 11 మీటర్లు. కచ్ సింధుశాఖలో 8 మీటర్లు. విశాఖపట్నము వద్ద ఇది 2 మీటర్లకు లోపే. అయినను సముద్రమునుండి విద్యుత్తును ఉత్పత్తిచేసి వాణిజ్యముగా అమ్ము కేంద్రము మన దేశమున ఒక్కటియు లేదు. లోపము సముద్రమునందున్నదా, మన విధానమునందున్నదా?

ప్రయత్నములు జరుగకపోలేదు. 1991లో కేరళలోని విళింజం వద్ద మద్రాసు ఐ.ఐ.టి. శాస్త్రజ్ఞులు 150 కిలోవాట్ల కెరట విద్యుత్కేంద్రమును నెలకొల్పిరి. కెరటము లేచినప్పుడు కట్టడములోని గాలి నెట్టబడి టర్బైనును త్రిప్పును. ప్రయోగము జరిగినది, దానివెంట రావలసిన పెద్ద కేంద్రము మాత్రము రాలేదు. సుందరవనములలోని దుర్గాదువాని కాలువపై తలపెట్టిన 3.75 మెగావాట్ల ఆటుపోట్ల కేంద్రమునకు అంచనా వ్యయము 238 కోట్ల రూపాయలు. అనగా మెగావాటుకు 63 కోట్లకు పైగా. దానిని మానుకొనిరి. కచ్‌లో 2011లో ప్రకటించిన 50 మెగావాట్ల పథకమును కూడ విరమించిరి.

2019 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము సముద్రశక్తిని పునరుత్పాదక శక్తిగా గుర్తించినది. విద్యుత్ పంపిణీ సంస్థలు తాము కొను విద్యుత్తులో కొంతభాగమును పునరుత్పాదక మార్గముల ద్వారా తప్పక పొందవలెను. సౌరశక్తి కాక మిగిలినవాటికి నిర్ణయించిన భాగములో సముద్రశక్తికి కూడ చోటు కల్పించిరి. వినుటకు ఇది బాగుగనే యున్నది. కాని అదే భాగమును చౌకయైన గాలి విద్యుత్తుతో నింపుకొనగల సంస్థ, ఎంతో ఖరీదైన సముద్ర విద్యుత్తును ఎందుకు కొనును? 2022లో నిబంధనలను సవరించినప్పుడు గాలికి, జలవిద్యుత్తునకు వేర్వేరు భాగములు కేటాయించిరి. సముద్రమునకు అట్టిది ఏర్పడలేదు. బడిలో పేరు వ్రాసికొని, కూర్చుండుటకు బల్ల చూపనట్లున్నది ఈ గుర్తింపు.

సూర్యరశ్మితో చౌకగా విద్యుత్తు లభించుచుండగా ఇంత వ్యయమెందుకని కొందరు అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. 2020 డిసెంబరులో గుజరాత్ వేలములో సౌరవిద్యుత్తు యూనిట్టు 1.99 రూపాయలకు పలికినది. కాని 2010లో జాతీయ సౌర పథకపు తొలి వేలములో దాని ధర సగటున సుమారు 12 రూపాయలు. ప్రపంచమున పలు ప్రభుత్వములు మొదట ఎక్కువ ధర యిచ్చి కొన్నందుననే పలకల తయారీ పెరిగి, ధర దిగినది. ఉప్పునీటి తుప్పును, తుఫానులను తట్టుకొనవలసిన యంత్రముల ధర అంత వేగముగ దిగునని చెప్పలేము. అయితే ఒక్కటైనను కొననిదే ఆ సంగతి తెలియదు.

బ్రిటన్ ఈ చిక్కును గమనించినది. 2022 వేలములో ఆటుపోట్ల ప్రవాహ విద్యుత్తునకు మాత్రమే ఏటా 2 కోట్ల పౌండ్లు ప్రత్యేకించినది. 2023, 2024 వేలములలోను ప్రత్యేక నిధి కొనసాగినది. ఈ మూటిలో కలిపి 120 మెగావాట్లకు మించి ఒప్పందములు కుదిరినవి. అక్కడ సొమ్ము ఉత్పత్తియైన యూనిట్టుకే చెల్లును. యంత్రము ఆగినచో చెల్లింపును ఆగును.

అయితే తొలి ప్రయోగములకు ఈ పద్ధతి చాలదు. వాటిలో వైఫల్యము సహజము. తూత్తుకుడి సమీపమున జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 1 మెగావాటు ఉష్ణభేద కేంద్రమును తలపెట్టినది. లోతునుండి చల్లని నీటిని తెచ్చుటకు కావలసిన సుమారు ఒక కిలోమీటరు గొట్టమును దించుటలో 2001, 2003లలో విఫలమైనది. సంస్థ మూతపడలేదు, పని ఆగలేదు. అదే ఉష్ణోగ్రతా భేదమును ఆధారముగ గొని 2005లో లక్షద్వీపములలోని కవరత్తిలో రోజునకు లక్ష లీటర్ల మంచినీటినిచ్చు కేంద్రమును నిర్మించినది. సుమారు 350 మీటర్ల లోతునుండి తెచ్చిన చల్లని నీటితో, వెచ్చని సముద్రజలపు ఆవిరిని మంచినీటిగ మార్చుదురు. విద్యుత్తు కొరకు నేర్చిన విద్య ద్వీపవాసుల దాహము తీర్చినది.

కనుక ప్రోత్సాహము రెండు విధములుగ నుండవలెను. ప్రయోగదశలో, ఒక వైఫల్యముతో తెగిపోని పరిశోధన నిధి కావలెను. ఉత్పత్తిదశలో, స్వల్పమైనను ప్రత్యేకమైన కొనుగోలు భాగము కావలెను. మనము మొదటిదానిని అప్పుడప్పుడు ఇచ్చితిమి. రెండవదానిని పేరునకు మాత్రమే ఇచ్చితిమి. ప్రజాధనముతో జరిగిన ప్రతి ప్రయోగపు ఫలితమును, అది వైఫల్యమైనను, బహిరంగముగ ప్రకటించుట కూడ అవసరము. అప్పుడే నేడు తరగతిలో కూర్చున్న విద్యార్థి, రేపు అదే గొట్టమును మరల మొదటినుండి పోగొట్టుకొనవలసిన పని యుండదు.